మొదటి ముద్ద నాయనది

మా ఇంట్లో వంట చేసేవాళ్ళు రుచి చూడరు. చూస్తే ఎంగిలి అవుతుందని మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, పెట్టిన నియమం. ఆమె పోయి చాలా ఏళ్ళయింది గానీ నియమం మాత్రం ఇల్లు వదల్లేదు. గరిటెతో ఇంత తీసి అరచేతిలో వేసుకుని నాలుకకు తాకించి చూడటం అందరి ఇళ్ళలోనూ ఉంటుంది. మా ఇంట్లో అది దొంగతనంతో సమానం. మరి ఉప్పు సరిపోయిందో లేదో తెలిసేదెట్లా? దానికి ఇద్దరు మనుషులుండేవాళ్ళు. పొయ్యి దగ్గర అమ్మ, పళ్ళెం ముందు నాయన.

అమ్మ మూత తీసి, లేచే ఆవిరి మీదికి ముఖం వంచి, కళ్ళు మూసుకుని కాసేపు అట్లాగే ఉండేది. ఆ తర్వాత ఇంకొంచెం ఉప్పు వేసేది, లేదంటే మూత పెట్టేసేది. ఉప్పుకు వాసన ఏంటమ్మా అని చిన్నప్పుడు నవ్వేవాణ్ణి. "ఉప్పుకు ల్యా. ఉప్పు పడినాక చింతపండు వాసన మారుతాది. ఆమాత్రం తెల్దా నీకు?" అనేది. నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆమె చెయ్యి తప్పిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

వడ్డించాక ఎవరూ చెయ్యి పెట్టకూడదు. నాయన సంగటి ముద్ద అంచున కొంచెం తుంచి, పులుసులో అద్ది నోట్లో వేసుకునేవాడు. ఆయన గొంతు కదిలేదాకా మేమంతా చూస్తూ కూర్చునేవాళ్ళం. ఆయన దగ్గరున్న మాటలు నాలుగే. "ఉప్పు సాలదు." "కారెం ఎక్కువైంది." "చింతపండు పచ్చిగుండాది." "సంగటి ఉడకల్యా." ఈ నాలుగింటిలో ఏదీ అనాల్సిన అవసరం లేకపోతే నోరు మెదపకుండా రెండో ముద్ద తుంచేవాడు. అదే మాకు తినమని సెలవు. బాగుంది అనే మాట నాకు నలభై ఏళ్ళు దాటేదాకా ఆయన నోట నేను వినలేదు. విన్న రోజున ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

చిన్నప్పుడు ఈ పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండేది. పదహారేళ్ళ వయసులో ఒకసారి, ఎండాకాలం, మూడు రోజులకొకసారి వచ్చే కుళాయి దగ్గర పొద్దున్నుంచి నిలబడి నీళ్ళు మోసుకొచ్చి అమ్మ వంట చేసింది. నాయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని "ఉప్పు సాలదు" అన్నాడు. నాకు ఆగలేదు. "ఒక్కపూటన్నా బాగుండాదంటే నీ సొమ్మేం పోతాది నాయనా?" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "బాగుంటే తింటాండా గదా" అన్నాడు.

అమ్మ నా పక్షం వస్తుందనుకున్నాను. ఆమె ఉప్పు డబ్బా తెచ్చి పెడుతూ నన్నే కసిరింది. "నాలుక మీ నాయనది, ముక్కు నాది. ఇద్దరం కలిస్తేనే ఈ ఇంట్లో వంట. మధ్యలో నువ్వెవురప్పా?" నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి నేను ఆ విషయం ఎత్తలేదు గానీ, నా పెళ్ళయితే మాత్రం భార్య ఏం చేసినా బాగుందనే అనాలని పంతం పట్టాను. అట్లాగే అన్నాను కూడా. పెళ్ళయిన ఏడాదికి ఆమె విసుక్కుంది. "నువ్వు అన్నిటికీ బాగుండాదనే అంటావు. ఏది బాగుండాదో ఏది లేదో నాకెట్ల తెలుస్తాది?" అంది. మంచికి పోతే ఎదురు తిరిగిందని నొచ్చుకున్నానే తప్ప, ఆమె మాటలో ఉన్న సంగతి నా బుర్రకెక్కలేదు.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. ముందు గదిలో రెండు మగ్గాలు. ఒకటి నాయనది, ఒకటి నాది. అమ్మా, నా భార్యా కండెలకు దారం చుడతారు. రాత్రి వంట నా భార్యది, మధ్యాహ్నం సంగటి అమ్మది. గ్యాస్ పొయ్యి వచ్చినా అమ్మ దాన్ని గట్టు మీద పెట్టనివ్వలేదు. నిలబడి సంగటి కెలికితే చేతికి బలం చాలదని నేల మీదే పెట్టించుకుంది. రాగిపిండి పోసి, కుండ దించి, రెండు పాదాలతో అదిమి పట్టుకుని, సంగటి కట్టెతో గిరగిరా తిప్పేది. చెయ్యి తడుపుకుని ముద్దలు చేసేటప్పుడు ఆమె అరచేతులు ఎర్రగా కందిపోయేవి. ఒక్కసారి కూడా కాలిందని అనేది కాదు.

తిన్నాక చేతులు కడుక్కోవడం మా ఇంట్లో పెద్ద పని. పట్టు మీద నూనె మరక పడితే చీర పోయినట్టే. శనగపిండితో రుద్ది, సబ్బుతో కడిగి, పాత బట్టతో తుడుచుకుని, చివర్లో నాయన వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాడు. చెనిక్కాయల, అంటే వేరుశనగల, వాసన ఏ మూలన్నా మిగిలి ఉంటే మళ్ళీ కడుక్కునేవాడు. అప్పుడు గానీ మగ్గం గుంతలోకి దిగేవాడు కాదు.

పోయిన ఏడు వానాకాలంలో, అంటే పేరుకే వానాకాలం, మబ్బులు వచ్చి మా మీదుగా ఎటో వెళ్ళిపోతున్న రోజుల్లో, అమ్మకు జ్వరం వచ్చింది. వారం రోజులు మంచం మీదే ఉంది. తగ్గాక లేచి స్నానం చేసి నేరుగా పొయ్యి దగ్గరికే వెళ్ళింది. ఇంకో నాలుగు రోజులు పడుకోమంటే వినలేదు. కంబదూరు పక్కన ఉన్న పుట్టింటి నుంచి ఆమె తమ్ముడు చెనిక్కాయలు పంపించాడు. వాన లేక కాయ సరిగా ఊరలేదు, గింజలు చిన్నవి. వాటినే వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డలు వేసి రోట్లో దంచి ఊరిబిండి చేసింది. జ్వరం తర్వాత అమ్మ చేతి వంట కదా అని అందరం ఆశగా కూర్చున్నాం.

నాయన ముద్ద తుంచి ఊరిబిండిలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. గొంతు కదలడానికి ఎప్పటికన్నా ఎక్కువ సేపు పట్టింది. తల ఎత్తకుండానే అన్నాడు.

"బాగుండాది."

నేను, నా భార్య ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముద్ద నోట్లో పెట్టుకున్నాక సంగతి తెలిసింది. ఉప్పు రెండుసార్లు పడింది. కళ్ళలో నీళ్ళు తిరిగేంత ఉప్పు. నాయన వంచిన తల ఎత్తకుండా పళ్ళెంలో ఉన్నదంతా తిన్నాడు. రెండు చెంబుల నీళ్ళు తాగాడు. మేమూ తిన్నాం. అమ్మ చివర్న కూర్చుని అదే ఊరిబిండితో మామూలుగా తినేసింది. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

మరుసటి వారం నా భార్య ఇంకోటి చూసింది. పాలు పొంగి, గిన్నె అడుగంటి, వీధిలోకి కూడా మాడు వాసన వస్తుంటే, అమ్మ ఆ పొయ్యి పక్కనే కూర్చుని తీరిగ్గా మిరపకాయల తొడిమలు తీస్తోంది. "అత్తకు వాసన తెలీడంల్యా. మనకు చెప్పడంల్యా. రేపు గ్యాస్ లీకైతే ఏం గాను?" అని నా భార్య భయపడింది. వంట మొత్తం తనే చూసుకుంటానంది. న్యాయమే అనిపించి నాయనతో చెప్పాను. ఆయన పోగుల మధ్య నాడె ఆడించడం ఆపకుండానే విన్నాడు.

"నాకు తెల్సు" అన్నాడు.

"తెల్సి బాగుండాదంటాండావా నాయనా? నీకు బీపీ ఉండాది. అంతంత ఉప్పు తింటే ఏమన్నా అయితే?"

నాడె ఆగింది. "ఆయమ్మను పొయ్యి కాన్నుంచి లేపితే ఇంగ యాడ కూసోబెడతావు రా?" అన్నాడు. "పదహారేండ్లకు వచ్చి ఆడ కూసునింది. నువ్వు నోరెత్తొద్దు."

నోరెత్తలేదు. వచ్చి నా మగ్గం మీద కూర్చున్నాను. అప్పటి నుంచి ఇంట్లో రోజూ మధ్యాహ్నం ఒక నాటకం. ఒక రోజు ఉప్పు ఎక్కువ, ఒక రోజు చింతపండు ఎక్కువ. నాయన మాత్రం ప్రతి పూటా బాగుండాదనేవాడు. మేము తల ఊపేవాళ్ళం. నా భార్య మామ కోసం ఒక చెంబుకు బదులు రెండు చెంబుల నీళ్ళు పెట్టేది. ఆయన పాదాలకు వాపు వచ్చింది. ఎవరూ ఎవరితోనూ ఏమీ అనలేదు. ప్రేమతోనే చేస్తున్నాం అనుకున్నాం.

శ్రావణం సగంలో ఒక మధ్యాహ్నం అమ్మ కందిపప్పులో గోగాకు వేసి చేసింది. నాయన మొదటి ముద్ద తిన్నాడు. "బాగుండాది" అన్నాడు.

అమ్మ గరిటె పక్కన పెట్టింది. "ఏమప్పా, నిజంగా బాగుండాదా?"

"బాగుండాదంటి గదా."

"దాంట్లో నేను ఉప్పే ఎయ్యలేదు."

నాయన చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. నేను ఇంకా ముద్ద తుంచలేదు. నా భార్య గోడ వైపు తిరిగింది. అమ్మ గొంతు పెంచలేదు, ఏడవలేదు. పప్పు గిన్నె వైపు చూస్తూనే మాట్లాడింది.

"జ్వరం పోయినాక నాకు వాసనా తెలీదు, రుచీ తెలీదు. నోట్లో మన్నేసుకున్నట్లుండాది. ఇంగ నాలుగు దినాలకు వస్తాదిలే అని ఊరకుంటి. నువ్వు చెప్తావనే ధైర్యంతోనే వండితి. నలభై ఐదేండ్లు నా కూటికి వంక పెట్టినావు. ఒక్కనాడు నేను బాధపడల్యా. నన్ను వంట తెలిసిన మనిషి అనుకుంటాండావు, అందుకే చెప్తాండావు అనుకుంటి. మొన్న మొదటిసారి బాగుండాదంటివే, ఆ పొద్దే నాకు అనుమానం వచ్చింది. ఎప్పుడూ రాని మాట ఇప్పుడు యాల వచ్చిందని. అది మంచంలో ఉండే రోగిష్టోళ్ళకు చెప్పే మాటప్పా. నన్ను మంచం ఎక్కిచ్చినావు."

ఆమె లేచి వెళ్ళి కండెలు చుట్టే రాట్నం ముందు కూర్చుంది. ఆ పప్పు ఎవరూ తినలేదు. మూడు వారాలు ఆమెను మోసం చేశామని, అందులో నాకూ వాటా ఉందని అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను.

అనంతపురంలో ఒక డాక్టరుకు చూపించాం. రావచ్చు, రాకపోవచ్చు, వచ్చినా నెలలు పట్టొచ్చు అన్నాడు. బస్సులో తిరిగి వస్తూ అమ్మ కిటికీలోంచి ఎండిన చేలను చూస్తూ కూర్చుంది. ఇల్లు చేరాక నా భార్యను పిలిచి సంగటి కట్టె ఆమె చేతిలో పెట్టింది. "ఇంగ నువ్వు చూసుకో" అంది. అంతే, పొయ్యి వైపు మళ్ళీ వెళ్ళలేదు.

ఆ తర్వాతి రోజుల్లో మా ఇంట్లో తిండి బాగానే ఉండేది. ఉప్పు సరిపోయేది. నాయన పాదాల వాపు తగ్గింది. కానీ ఆయన మొదటి ముద్ద పద్ధతి మానేశాడు. వడ్డించగానే అందరం ఒకేసారి తినడం మొదలుపెట్టేవాళ్ళం. పదహారేళ్ళప్పుడు నేను కోరుకున్నది అదే. ఇప్పుడు దొరికితే ముద్ద దిగేది కాదు. నా భార్య రోజూ మామ ముఖం వైపు ఆశగా చూసేది, ఏదో ఒకటి అంటాడేమోనని. ఆయన ఆమెను కూడా ఏమీ అనేవాడు కాదు. అమ్మ రెండు ముద్దలు తిని లేచేది. ఆమె గాజులు మోచేతి దాకా జారడం మొదలైంది. పొద్దుగూకులూ కండెలు చుడుతూనే ఉండేది. రెండు మగ్గాలకు కావాల్సిన దానికన్నా ఎక్కువ చుట్టేది.

భాద్రపదంలో పెద్దల అమావాస్య వచ్చింది. ఆ రోజు పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పెడతాం. మా అవ్వకు సంగటి, ఉలవచారు ప్రాణం. వండాల్సింది ఇంట్లో పెద్ద కోడలు. పెద్దలకు పెట్టేదాకా నాయన కూడా నోట పెట్టకూడదు. నా భార్య ముందు రోజే చేతులెత్తేసింది. "అత్తా, అవ్వకు నేను పెట్టలేను. నువ్వుండంగా నేను పెడితే తప్పు" అంది.

"ముక్కు లేనిదాన్ని, నేనేం పెట్టేది?" అంది అమ్మ. "ఉప్పు కషాయం చేసి పెడితే ఆయమ్మ తింటాదా? సరిగ్గా లేకపోతే బతికున్నప్పుడే గిన్నె పక్కకు నెట్టేది."

నాయన మగ్గం మీద ఉన్నాడు. కొనే షావుకారు తొందర పెడుతున్న చీర, అంచు సగంలో ఉంది. నాడె కింద పెట్టి గుంతలోంచి పైకి వచ్చాడు. దొడ్లోకి పోయి చేతులు కడుక్కున్నాడు. అలవాటుగా వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. అట్లాగే కొంచెంసేపు నిలబడిపోయాడు. తర్వాత వచ్చి, ఎన్నడూ లేంది, వంటింట్లోకి వెళ్ళి పొయ్యి పక్కన నేల మీద బాసీపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"రేపు నేనీడ కూసుంటా" అన్నాడు. "నా ముక్కుండాది గదా."

"నీకేం తెలుసు?" అంది అమ్మ.

"నాకేం తెల్దు. నువ్వు అడుగు, నేను చెప్తా."

"మళ్ళా అబద్ధం చెప్తే?"

"చెప్పను" అన్నాడు.

మరునాడు పొద్దున్నే ఇద్దరూ పొయ్యికి చెరోవైపు కూర్చున్నారు. నేను, నా భార్య గడప దగ్గర నిలబడ్డాం. వెలిగించే ముందు గ్యాస్ వాసన వస్తోందేమో చూసి చెప్పింది నాయనే. అప్పటి నుంచి ఈ రోజు వరకూ ఆ పని ఆయనదే. ఉలవలు ఉడుకుతుంటే అమ్మ మూత తీసి, ఎప్పటిలా ముఖం వంచబోయి, ఆగి, పక్కకు జరిగింది. నాయన ఆవిరి మీదికి వంగాడు. వంగిన వెంటనే దగ్గు వచ్చింది.

"పచ్చి వాసన పోయిందా?"

"పోల్యా."

ఇంకాసేపటికి మళ్ళీ అడిగింది. ఆయన ఈసారి కళ్ళు మూసుకుని చూశాడు. "ఇప్పుడు ఏందో... వాన పడినాక మన్ను వాసన వస్తాదే, ఆ మాదిరుండాది."

ఆ ఏడు మాకు ఆ వాసన వచ్చింది ఒకటి రెండుసార్లే. అమ్మ తల ఊపింది. "అదే. ఉడికినట్లు" అని, ఉడికిన నీళ్ళు వేరే గిన్నెలోకి వంచి, అందులో చింతపండు రసం పోసి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. అది మరుగుతుంటే నాయన పులుపు ముక్కులో గిల్లుతోందన్నాడు. అమ్మ ఉప్పు వేసింది. గిల్లడం తగ్గిందన్నాడు.

"తగ్గిందా, పూర్తిగా పోయిందా?"

నాయన మళ్ళీ వంగాడు. నుదుటి మీద చెమట పట్టింది. "తెల్దు" అన్నాడు చివరికి.

"తెలీకపోతే తెల్దనే చెప్పు. అది సాలు నాకు" అంది అమ్మ. ఉప్పు డబ్బా మూత పెట్టేసింది. సంగటి కట్టె తనే అందుకుని, కుండను పాదాలతో అదిమి పట్టుకుంది. రెండు చుట్లు తిప్పి ఆగి, మళ్ళీ పట్టుకుంది. నా భార్య ముందుకు వెళ్ళబోతే వద్దని నేను కళ్ళతో ఆపాను.

అవ్వ పటం ముందు ఆకు వేసి పెట్టాం. మిద్దె మీద ఇంకో ఆకు పెట్టి కాకి వచ్చేదాకా ఎండలో నిలబడ్డాం. కాకి ముట్టాక దిగి వచ్చి అందరం కూర్చున్నాం. అమ్మ వడ్డించింది. ఎవరూ చెప్పలేదు గానీ ఎవరి చెయ్యీ పళ్ళెంలోకి వెళ్ళలేదు.

నాయన ముద్ద తుంచి, ఉలవచారులో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. ఆయన గొంతు కదిలింది. తల ఎత్తి అమ్మ వైపు చూశాడు.

"ఉప్పు సాలదు" అన్నాడు.

పదహారేళ్ళ వయసునాటి కోపం ఒక్క క్షణం నాలో లేచింది. ఈ ఒక్క రోజన్నా ఊరుకోకూడదా అనుకున్నాను. నేనూ చారు వేలితో తీసి నాలుకకు రాసుకున్నాను. నిజంగానే ఉప్పు చాలలేదు.

"ఎంత?" అని అడిగింది అమ్మ.

"చిటికెడు."

అమ్మ ఉప్పు డబ్బా తెచ్చి, చిటికెడు తీసి, చారు గిన్నెలో వేసి కలిపింది. నాయన పళ్ళెంలో ఇంకో గరిటె పోసి ఎదురుగా చూస్తూ నిలబడింది. ఆయన మళ్ళీ అద్దుకుని తిన్నాడు. ఏమీ అనలేదు. రెండో ముద్ద తుంచాడు.

అమ్మ కొంగుతో ముఖమంతా తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. తర్వాత మా వైపు తిరిగింది.

"కుదిరినట్లుండాది. ఇంగ మీరూ తినండప్పా" అంది.